ఎంగిలి చేతుల ఒడంబడిక

ఒకటో పంక్తి

అసలు రికార్డు వేరే ఉంది. ఎర్ర అట్ట, నంబరు వేసిన పేజీలు, ప్రతి పేజీ కింద మూడు సీమల ముద్రలు. ఎవరు ఏమన్నారో అందులో రాస్తాను. ఇది నేను పచ్చళ్ళ కొలతలు రాసుకునే నోటుబుక్కు. వెనకవైపు పేజీలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి, ఎవరు ఏమనలేదో ఇందులో రాస్తున్నాను.

నా పేరు నిహారిక. వయసు ఎనభై రెండు. ఇప్పటి పిల్లలు ఈ పేరు వింటేనే నవ్వుతారు, ముసలమ్మల పేరట. వాళ్ళవేమో సీతామాలక్ష్మి, ఓబులేసు వంటి కొత్త ఫ్యాషను పేర్లు. నా మోకాళ్ళు రెండూ మార్పించినవి. నాలుక మాత్రం పుట్టుకతో వచ్చిందే.

ఈ లేఖకురాలి ఉద్యోగం నాకు నా ఎమ్మేని చూసి ఇవ్వలేదు, నా ఎడమచేతిని చూసి ఇచ్చారు. కుడిచెయ్యి అన్నంలో ఉండగా ఎడమచేత్తో తప్పుల్లేకుండా రాసేది మూడు సీమల్లోనూ నేనొక్కదాన్నేనట. చిన్నప్పుడు ఈ చేతి మీద స్కేలు విరగ్గొట్టిన టీచరమ్మ బతికుంటే పిలిపించి భోజనం పెట్టేదాన్ని.

పదిహేనేళ్ళ క్రితం కొండసీమ మంత్రి ఒకాయన తెర మీద కనిపించి, నవ్వి, "సరే, గేట్లెత్తండి" అన్నాడు. ఆయన మంత్రి కాదని, అసలు మనిషే కాదని తెలిసేలోగా కింద పద్నాలుగు ఊళ్ళు కొట్టుకుపోయాయి. అప్పటినుంచి మిత్రసీమల మధ్య మాటంటే, పంక్తిలో కూచుని అన్నం కలిపిన చేత్తో చెప్పిందే మాట. యంత్రానికి ఎన్ని విద్యలొచ్చినా ఆవకాయ తిని పొలమారడం మాత్రం ఇంకా రాలేదు.

ఇవాళ కొత్తరేవు పంక్తిశాలలో మూడు సీమల చర్చలు మొదలయ్యాయి. తీరసీమ తరఫున సీతామాలక్ష్మి వచ్చింది. నలభై నిండలేదు, కాపలా పడవలు తొమ్మిదీ ఆవిడ చేతిలో ఉన్నాయి. కొండసీమ నుంచి వచ్చినాయన పైడిరాజు. ఆ పడవలు కదలాలంటే కావలసిన బ్యాటరీలు ఆయన జలాశయాల కరెంటుతోనే నిండాలి. మెట్టసీమ మనిషి ఓబులేసు. ఒడ్డుకు తెచ్చినవాళ్ళను ఎక్కడ ఉంచాలన్నా నేల ఆయనది.

తేవలసిన మనుషులు ఎనిమిది వందల అరవై మంది. ఉండేది ఉప్పుతిప్పలో. అదొకప్పుడు ఊరు. సముద్రం వచ్చి సరిహద్దు రాయిని మింగాక అది ఏ సీమదీ కాకుండా పోయింది. వాళ్ళ పడవలు పోయిన నెల గాలివానలో పోయాయి. ఇప్పుడంతా బడి మేడలో తలదాచుకుంటున్నారు. బడికి పదకొండు మెట్లు. మూడు మునిగాయి. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ పేరు లాస్య, వయసు డెబ్బై తొమ్మిది, నా చెల్లెలు.

అజెండాలో మొదటి అంశం రక్షణ, రెండోది ప్రాంతీయ సాయం. మొదటిది తేలితే తప్ప రెండోది ఎత్తరు. అంటే ముందు రేవుల మీద పడి దోచే ఓడదొంగల సంగతి తేలాలి, తర్వాతే మనుషులు తేలాలి.

రెండో పంక్తి

"మా పడవలు సిద్ధమేనండీ," అంది సీతామాలక్ష్మి పప్పు కలుపుతూ. "కాకపోతే అవి వెళ్ళాక రేవుకి కాపలా ఎవరని మావాళ్ళు అడుగుతారు కదండీ."

"కాపలాకి మా మనుసులొత్తారమ్మా," అన్నాడు పైడిరాజు. "బేటరీలూ ఇత్తాం. కానైతే ఆ జెనాన్ని తెచ్చి ఎక్కడెడతారో ముందు తేలిపోతే బాగుంటాది."

"మా నేల యాడికి పోతాదన్నా, ఆడనే ఉంటాది," అన్నాడు ఓబులేసు. "పడవలు కదిలినాయని తెలిస్తే గదా మేము గుడారాలు ఏసేది."

ముగ్గురూ ఇస్తారు, మిగతా ఇద్దరూ ఇచ్చాక. నాలుగు పేజీలు రాశాను, ఎక్కడా 'కాదు' అన్న మాట లేదు.

దీని వెనకున్న తెలివి లోకువ చేయదగ్గదేం కాదు. పంక్తిలో ఒక మాట ముందు ఎవరంటే దాని బరువు ఆ ఒక్కరిదే. పడవలు పంపుతానని సీతామాలక్ష్మి అంటే, రేపు రేవు మీద దొంగలు పడితే ఆ ఉసురు ఆవిడకే తగులుతుంది. సంతకం అలా కాదు. పంక్తి లేచి, చేతులు కడుక్కుని, పక్కగదిలో ముగ్గురూ ఒకేసారి చేస్తారు. తప్పు మూడు వాటాలవుతుంది. ఎంగిలి చేత్తో కాగితం ముట్టకూడదు. ఆ కాగితంలో ఏముందో పంక్తిలో చెప్పకూడదు, చెప్తే అదీ మాట కిందే లెక్క. ఈ నిబంధనలన్నీ శుభ్రప్రతి రాసింది నేనే. అప్పట్లో నా దస్తూరీ చూసి నేనే మురిసిపోయాను.

ఇవాళ భోజనంలో పాయసం పెట్టారు. సంతకం జరిగే రోజున పాయసం ఉండాలని ఆనవాయితీ. పడవలకే అనుకున్నాను. లేచి వెళ్ళి చూస్తే సంతకం దేనిమీదంటే, ఉప్పుతిప్ప సంగతి చూడబోయే సంఘానికి ఏం పేరు పెట్టాలన్నదాని మీద.

మూడో పంక్తి

పంక్తి పది గంటలకి. ఎనిమిదింటికి వసారాలో రేడియో దగ్గర కూచుంటే లాస్య పిలుస్తుంది. గొంతులు దొంగిలించే యంత్రాలు గాలిలో తిరుగుతున్న రోజులు కాబట్టి, పిలిచిన మనిషి ముందు ఒక ప్రశ్న అడగాలి. ఇంట్లోవాళ్ళకు తప్ప తెలియనిదై ఉండాలి.

"మేడ మీద నేనుండగా తలుపు గడియ పెట్టిందెవరు?" అని అడిగింది.

అప్పుడు నాకు పదకొండు, దానికి ఎనిమిది. వానొస్తోందని ఆరేసిన బట్టలు తేవడానికి మేడెక్కింది. గంటన్నర తర్వాత మా అమ్మ గడియ తీసేసరికి పెదవులు నీలమైపోయి, బట్టలన్నీ ఒంటికి చుట్టుకుని నిలబడి ఉంది. డెబ్బై ఒక్క ఏళ్ళుగా నాది ఒకటే జవాబు.

"గాలి."

"ఆఁ, నువ్వే మా అక్కవి. నిజం చెప్పుంటే గొంతుదొంగ అనుకుని పెట్టేసేదాన్ని."

"నీళ్ళెంతదాకా వచ్చాయే?"

"నాలుగో మెట్టు. పిల్లలు రోజూ సుద్దముక్కతో గీత గీస్తున్నారు. తీసివేతలు చెప్పడం ఇంత తేలికని ఇన్నాళ్ళూ తెలీదు. మీ పెద్దమనుషులు ఏం తేల్చారు?"

"సంఘానికి పేరు పెట్టారు."

"బారసాల అయిందన్నమాట. బిడ్డెప్పుడు పుడతాడో?"

నాలుగో పంక్తి

గుత్తివంకాయ బాగా కుదిరింది. చర్చలు కుదరలేదు. నీళ్ళు అక్కడే ఆగాయి.

అయిదో పంక్తి

అయిదో మెట్టు. మళ్ళీ పాయసం. ఈసారి సంతకం, సదరు సంఘం వారానికి ఎన్నిసార్లు సమావేశం కావాలన్నదాని మీద.

వంట చేసేది భీమశంకరం. యాభై ఏళ్ళ మనిషి, పిలిస్తే పలుకుతాడు, పిలవకపోయినా పలుకుతాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలదీశాను.

"ఏం భీమశంకరం, అవతల మనుషులు మునిగిపోతుంటే జీడిపప్పు వేయించడానికి చేతులెలా వస్తున్నాయి?"

"నన్నేం చెయ్యమంటారు మామ్మగారూ," అన్నాడు. "సంతకం ఉందంటే పాయసం కాస్తాను. దేని మీద సంతకమో గరిటెకి తెలీదు కదండీ."

న్యాయమే. ఎడమచేతికి మాత్రం ఏం తెలుసు?

ఏడో పంక్తి

నిన్న ఒక్కరోజే మెట్టున్నర ఎక్కింది నీరు. అందుకని ఇవాళ నేను నోరు తెరిచాను. లేఖకురాలు పంక్తిలో మారు వడ్డన అడగడానికి తప్ప నోరెత్తకూడదు. పులుసు వడ్డిస్తున్న భీమశంకరాన్ని ఆపి, "ఆ బడికి పదకొండు మెట్లు, ఇప్పటికి ఆరున్నర మునిగాయి, అందులో మా చెల్లెలుంది, కాస్త ముక్కలు కూడా వెయ్యి" అన్నాను.

ముగ్గురి చేతులూ విస్తరిలో ఆగిపోయాయి.

"అయ్యో మామ్మగారూ, మీ చెల్లెలుగారు అక్కడున్నారని మాకెవరూ చెప్పలేదండీ," అంది సీతామాలక్ష్మి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ నీళ్ళు కావు, అదే నాకు ఎక్కువ బాధ. వీళ్ళు చెడ్డవాళ్ళయితే నాకు చాలా సుఖంగా ఉండేది.

"ఏటి సేత్తాం మామ్మా," అన్నాడు పైడిరాజు తలొంచుకుని. "మాకూ అక్కసెల్లెల్లున్నారు."

తర్వాత మూడు సీమలూ అయిదు నిమిషాలు మౌనం పాటించాయి, బతికున్న మనిషికి.

ఎనిమిదో పంక్తి

పాయసం. ఉప్పుతిప్ప ప్రజల పరిస్థితి పట్ల మూడు సీమలూ ప్రగాఢమైన ఆందోళన వ్యక్తం చేశాయి. 'ప్రగాఢమైన' ఉండాలా, 'తీవ్రమైన' ఉండాలా అని పక్కగదిలో గంటసేపు చర్చించి, నన్ను అడిగారు. ఏది రాసినా ఈత రాదని చెప్పాను.

తొమ్మిదో పంక్తి

ఇవాళ ప్రశ్న నేను అడిగాను. "అమ్మ చీరల పెట్టెలో నాన్న ఉత్తరాలు దొంగతనంగా చదివిందెవరు?"

"ఇద్దరం," అంది లాస్య. "నువ్వు చదివావు, నేను కాపలా కాశాను. నాకేమో అప్పటికి వత్తులు రావు. ఇప్పటికీ ఆ ఉత్తరాల్లో ఏముందో నువ్వు చెప్పలేదు."

"పాలవాడి సంగతి, గ్యాసు సంగతి. ప్రేమలేఖలని చదివి మోసపోయాను."

దగ్గుతోంది. అడిగితే సుద్దపొడి అంది. ఏడో మెట్టు దాటింది. తాగే నీళ్ళు తలా రెండు గ్లాసులకి తగ్గించారట. పిల్లలు మేడమీది గదిలో, పెద్దలు కింద. మేడ పైన సిమెంటు ట్యాంకు ఒకటుంది. ఆఖరికి అదే దిక్కనుకుంటున్నారు.

"అక్కా, ఒక్క మాట అడగనా? నిజంగా వస్తారా?"

"వస్తారు."

"నువ్వు నమ్ముతున్నావా, లేక గాలా?"

నేను జవాబు చెప్పేలోగా బ్యాటరీ పొదుపు చెయ్యాలని పెట్టేసింది.

పదకొండో పంక్తి

తొమ్మిదో మెట్టు. రేపు సాయంత్రానికి ఉప్పెన వస్తుందని వాతావరణం వాళ్ళు చెప్పారు. మనుషులే కొండమీద కూచుని కాగితం మీద గీసి చెప్పే వాతావరణం కాబట్టి నమ్మవచ్చు.

పడవల సరంగు గంగాధరాన్ని రేవులో అడిగాను. మాదంతా మొగలోంచి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటునుంచి, బయటికి పోయే రేవు. మొగలో ఇసుక మేట. పోటు మీదుంటే తప్ప పడవ దాటదు. రేపు పోటు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. అది పోతే మళ్ళీ మర్నాటి తెల్లవారుజామునే.

"మొగ దాటితే రెండున్నర గంటలు మామ్మగారూ. నాలుగింటికల్లా తిప్పలో ఉంటాం. ఉప్పెన కన్నా ముందే," అన్నాడు. "చెప్పేవాళ్ళు చెప్తే."

పంక్తిలో ఇవాళ రక్షణ మీద చాలా మంచి చర్చ జరిగింది. ఓడదొంగల పడవలు ఎన్ని ఉండవచ్చని ఒకరి అంచనాను ఒకరు మెచ్చుకున్నారు. నేను తిరిగి వస్తుంటే కొండసీమ లారీలు మూడు రేవు వైపు వెళ్ళాయి. పాయసానికి పాలు కాబోలనుకున్నాను.

రేపు నేనేం చెయ్యాలో నిర్ణయించుకున్నాను. నాలుగో నిబంధన, నా దస్తూరీలోదే: 'పంక్తిలో అందరికన్నా పెద్దవారు లేవనిదే ఎవరూ లేవరాదు.' ఒకప్పుడు ఎవరో అన్నం మధ్యలో లేచిపోతే ఆ సాయంత్రమే సైన్యాలు కదిలాయి. అందుకని పెట్టిన నిబంధన. పెద్దవారంటే పెద్ద రాయబారి అని రాయలేదు. పంక్తి చివర కూచున్న ముసలిది కూడా పంక్తిలోనిదే.

పన్నెండో పంక్తి, ఉదయం

"మేడ మీద నేనుండగా గడియ పెట్టిందెవరు?"

"గాలి."

"ఇవాళ నిజం చెప్పవే అక్కా. పదో మెట్టు మీద కూచుని అడుగుతున్నాను."

"నిజం చెప్తే గొంతుదొంగ అనుకుంటానన్నావుగా."

"ఇవాళ అనుకోనులే."

వెనక పిల్లలెవరో ఎక్కాలు అప్పజెప్తున్నారు. ఏడో ఎక్కం. ఇవాళ పిలుపు రావడమే ఆలస్యమైంది, అప్పుడే పంక్తికి గంట కొట్టారు.

"పంక్తి అయ్యాక చెప్తాను. ఇవాళ నీకు పడవలు పంపించి మరీ చెప్తాను," అన్నాను.

"సరే, తొందరగా తిను," అంది.

పన్నెండో పంక్తి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పది గంటలకు కూచున్నాం. మొదటి వడ్డనలోనే పాయసం వచ్చింది. విస్తరిలో కుడివైపు మూల, చిన్న దొప్పలో. నాకు ఒళ్ళు మండింది. ఇవాళ కూడానా అనుకున్నాను. పన్నెండు రోజుల్లో నాలుగో పాయసం. ఈసారి దేనికో పేరు పెడతారు కాబోలు, లేదంటే మునిగినవాళ్ళకి ముందస్తు సంతాపం.

రోజూలాగే పదకొండున్నరకి మజ్జిగ అయింది. ముగ్గురూ నా వైపు చూశారు, లేవమని. నేను లేవలేదు.

"మామ్మగారూ, మోకాళ్ళు పట్టేశాయాండీ? చెయ్యి ఇమ్మంటారా?" అంది సీతామాలక్ష్మి.

"మోకాళ్ళు బాగానే ఉన్నాయి. పడవలు పంపుతామని మీలో ఒకరు ఆ చేత్తో ఒక్క మాటనండి. లేస్తాను."

భీమశంకరం చేతిలో మజ్జిగ గరిటె అలాగే ఉండిపోయింది.

"లేవండమ్మా," అంది సీతామాలక్ష్మి మెల్లిగా. "లేచాక అంతా అవుతుందండీ."

పన్నెండు రోజులుగా ఈ మాటే విన్నాను. ఎర్ర పుస్తకంలో ఇదే మాట ఇరవై మూడు చోట్ల నా దస్తూరీలో ఉంది.

"లేచాక ఏమవుతుందో ఇరవై మూడుసార్లు రాశాను తల్లీ. కూచునుండగా ఏమవుతుందో ఇవాళ చూద్దాం."

"అవ్వా, మా మాట ఇనుకో," అన్నాడు ఓబులేసు. "ఈ పొద్దు అట్ల గాదు. యాల ఈ పొద్దు అట్ల గాదో నేను ఈడ చెప్పకూడదు. నీకు తెలీదా?"

"చెప్పకూడనివి చెప్పకుండానే బాబూ ఇంతదూరం వచ్చాం."

పన్నెండున్నరకల్లా వీళ్ళ నడుములు విరుగుతాయని, ఎవరో ఒకరు ఆ మాట అనేస్తారని, ఒంటిగంటన్నర పోటుకి పడవలు మొగ దాటుతాయని నా లెక్క. దౌత్యం చేసేవాళ్ళ నడుముల మీద నా అంచనా తప్పు. కూచోవడమే వాళ్ళ చదువు.

శాలలో గడియారం ఉండదు, ఏ యంత్రమూ ఉండకూడదు. దక్షిణం కిటికీ ఎండ మూడో స్తంభాన్ని తాకితే ఒంటిగంట అని గుర్తు. నిన్నటి నుంచి మబ్బు. ఎండ లేదు. స్తంభం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

చేతుల మీద మెతుకులు ఎండిపోయాయి. పైడిరాజు వేళ్ళు కదిపితే పప్పు పెచ్చులుగా రాలింది. ఆయన రెండుసార్లు కిటికీ వైపు చూశాడు.

"మామ్మా, ఆలీసం అయిపోతంది. పోటెల్లిపోద్ది," అన్నాడు. "నీ కాల్మొక్కుతాను, లెగు."

నన్ను నా బెంగతోనే బెదిరిస్తున్నాడనుకున్నాను. "అంత ఆదుర్దా ఉన్నవాడివి ఒక్క మాట అనెయ్యి నాయనా," అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. సీతామాలక్ష్మి వైపు చూశాడు. మూసేశాడు.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో తెలియదు. నాకు కాళ్ళు మొద్దుబారాయి. ఓబులేసు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. చివరికి సీతామాలక్ష్మి ఎండిపోయిన చెయ్యి మళ్ళీ విస్తరిలో పెట్టింది. గడ్డకట్టిన పాయసం ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. కష్టంగా మింగింది.

"పంపుతానండీ. తొమ్మిది పడవలూ పంపుతాను. రేవుకేమన్నా అయితే బరువు నాదే. రాసుకోండి."

రాసుకున్నాను. లేచాను. భీమశంకరం పట్టుకోకపోతే పడిపోయేదాన్నే. గెలిచాననుకున్నాను. ఈ మాట ఇక్కడ రాసి తీరాలి. గెలిచాననే అనుకున్నాను.

వసారాలో గోడగడియారం నాలుగూ పది చూపిస్తోంది.

పక్కగదిలో బల్లమీద కాగితం ఉంది. పేపరువెయిటు కింద, మూడు కలాలు పక్కన పెట్టి. మూడు సీమలూ కలిసి తొమ్మిది పడవలు పంపుతున్నాయని, బ్యాటరీలు కొండసీమవని, గుడారాలు మెట్టసీమవని, రేవు కాపలా ముగ్గురిదని ఉంది. పైన నిన్నటి తేదీ. నిన్న సాయంత్రం ముగ్గురూ కూచుని తయారు చేసుకున్నారు. ఎవరూ ముందు మాట అనకుండా, ఇవాళ చేతులు కడుక్కుని పన్నెండింటికి సంతకం పెట్టాలని. లారీల్లో పోయినవి పాలు కావు, బ్యాటరీలు. సరంగులు పొద్దుట ఎనిమిదింటినుంచి పడవల్లోనే కూచుని ఉన్నారు.

"మరి పాయసం ఎందుకనుకున్నారు మామ్మగారూ?" అన్నాడు భీమశంకరం. అతడు ఏడుస్తున్నాడు. "ఈసారి దేని మీదో గరిటెకి తెలుసండీ. అందుకే ముందే పెట్టాను, మీరు చూస్తారని."

గంగాధరం రేవునుంచి వచ్చాడు. అందరికీ చెప్పవలసింది నాకే చెప్పాడు.

"మొగలో నీళ్ళు లేవండి. మోకాల్లోతైనా లేదు, అంతా ఇసుక. తెల్లవారుజామున పోటుకి పోతాం."

రేడియో దగ్గర కూచున్నాను. పిలిస్తే మొదట వాన చప్పుడు వచ్చింది. తర్వాత అదీ రాలేదు.

పద్నాలుగో రోజు. పంక్తి లేదు.

నాలుగు వందల పన్నెండు మందిని తెచ్చారు. మేడ మీద, ట్యాంకు మీద ఉన్నవాళ్ళు. ఎక్కువమంది పిల్లలు. ట్యాంకు నిచ్చెన దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పిలిచి, హాజరు వేసుకుని పైకి ఎక్కించారట లాస్య టీచరు. ఆఖరి పేరు పిలిచాక మెట్లమీద ఆవిడ కనపడలేదని ఒక పిల్ల చెప్పింది. గంగాధరం జాబితా తెచ్చి ఇచ్చాడు. నాలుగుసార్లు చదివాను. చేతిరాత జాబితా. యంత్రాలు కల్పించింది కాదు, తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మధ్యాహ్నం ముగ్గురూ మా గదికి వచ్చారు. అన్నం లేకుండా వాళ్ళను చూడడం ఇదే మొదలు. నేలమీద కూచున్నారు. సీతామాలక్ష్మి నా కాళ్ళ దగ్గర కూచుంది.

"రికార్డులో ఆ రోజు ఆలస్యానికి కారణం రాయాలండీ," అంది. "మేం మాట్లాడుకున్నాం. మిమ్మల్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు. గాలివాన వల్ల ఆలస్యమైందని రాసెయ్యండి. ముగ్గురం సంతకం పెడతాం."

"అవును మామ్మా. గాలివానే," అన్నాడు పైడిరాజు.

"ఎవురు అడగొచ్చినా మేము అదే చెప్తాం అవ్వా," అన్నాడు ఓబులేసు.

పద్నాలుగు రోజుల్లో మొదటిసారి మిత్రసీమలు మూడూ ఒక్క నిమిషంలో ఏకాభిప్రాయానికి వచ్చాయి. పాయసం కూడా లేకుండా.

వాళ్ళను పంపేసి ఎర్ర పుస్తకం తెరిచాను. పన్నెండు రోజులు వాళ్ళవి, అయిదు గంటలు నావి. వాళ్ళ రోజులన్నీ మర్యాద కింద పోయాయి. ఏ పేజీలో వెతికినా తప్పు దొరకదు, నేనే అంత శుభ్రంగా రాశాను. నా అయిదు గంటల్లోనే పోటు ఉంది. నమ్మకూడదని నాకు నేర్పింది వాళ్ళే. నేర్చుకున్నది మాత్రం నేను. నమ్మవలసిన ఒక్కరోజున కూడా ఆ పాఠాన్ని తప్పుల్లేకుండా అప్పజెప్పాను.

వసారాలో రేడియో ఉప్పుతిప్ప మీదే ఉంది. ఎవరూ మార్చలేదు. ఎనిమిదింటికి నిన్నా ఇవాళా వెళ్ళి కూచున్నాను. ప్రశ్న అడగవలసింది అటువైపువాళ్ళు. ఎవరూ అడగడం లేదు.

అయినా పంక్తి అయ్యాక చెప్తానని మాటిచ్చాను. ఎంగిలి చెయ్యి కాదు, అయినా మాటే. 'ఆలస్యానికి కారణం' అన్న గడిలో ఎడమచేత్తో, ముద్రలు వేసే పుస్తకంలో, చెరపడానికి వీల్లేని సిరాతో రాశాను:

గాలి కాదే, లాస్యా. గడియ పెట్టింది నేను.